డోలు తాత టవలు, నా పైపు డబ్బా

ఆ రోజుల్లో మా మదనపల్లిలో మనిషి గొప్పతనం కారును బట్టి తేలేది కాదు, కారు వెనక ఉండే స్పీకరు డబ్బాను బట్టి తేలేది. బండి పాతదైనా, తలుపు తాడుతో కట్టిందైనా ఫరవాలేదు. వెనక గుండెలదిరే డబ్బా ఒకటి ఉంటే చాలు, ఆ బండి బస్టాండు మలుపు తిరగకముందే అంగళ్లలో సోడా సీసాలు గలగలమని స్వాగతం చెప్పేవి. అట్లాంటి డబ్బాలు రాయలసీమ మొత్తంలో మొట్టమొదట చేసింది నేనే. (రాయలసీమ అంటే మా వీధి. ఆ వీధిలోనూ నాకంటే ముందు ఒకాయన చేసినాడు గానీ, ఆయన డబ్బా మొదటి పాటకే పొగ వదిలింది కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.) ఆ విద్య బెంగళూరులో నేర్చుకున్నానని అందరికీ చెప్పేవాణ్ణి. నేను పనిచేసే కారు స్పీకర్ల అంగడి ఓనరన్నతో వైర్లు కొనడానికి పోయి, ఆయన బేరమాడేలోపల ఒక గాజు తలుపు ఇవతల నిలబడి, అవతల ఒకాయన డబ్బా బిగిస్తుంటే అరగంట చూసినాను. అందులో పది నిమిషాలు ఆయన టీ తాగినాడు.

ఇప్పటి వాళ్లకు తెలియదేమో, ఆ డబ్బాల సంగతి కొంచెం చెప్పాల. పెద్ద స్పీకరును ఊరికే వేలాడదీస్తే దాని ముందు గాలిని వెనక గాలి తినేస్తుంది, మోత రాదు. అందుకే దాన్ని చెక్క డబ్బాలో బిగిస్తారు. ఆ డబ్బాలు రెండు రకాలు. ఒకటి మూత డబ్బా. అన్ని పక్కలా మూసేసి, చీమ ఊపిరి కూడా బయటికి పోకుండా చేసేది. దాంట్లో దెబ్బ పడితే పడినట్టే, ఆ తర్వాత చప్పుడుండదు, తక్కువ మాట్లాడే మనిషి మాదిరి. రెండోది పైపు డబ్బా. ఒక పక్క బొక్క పెట్టి పైపు దూరుస్తారు. లోపలి గాలి కూడా ఆ పైపులోనుంచి వచ్చి గొంతు కలుపుతుంది కాబట్టి మోత రెండింతలు. (మా పైపులన్నీ బోర్లు వేసేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలే.) మా ఓనరన్న మూత డబ్బా మనిషి. నేను పుట్టుకతోనే పైపు డబ్బా. "మోత వేరు, పాట వేరు రా" అనేవాడాయన. "వినపడని పాట పాటెట్ల అయితాదన్నా?" అనేవాణ్ణి నేను.

ఇట్లా ఉండగా ఒకరోజు కుప్పం నుంచి ఒక పాత వ్యాను వచ్చి అంగడి ముందర ఆగింది. అందులోనుంచి డోలు తాత దిగినాడు. ఆయన ఆ పక్క పెండ్లిళ్లలో నలభై ఏండ్లు డోలు వాయించిన మనిషి. ఎడమ భుజం పట్టేసి వాయించడం మానేసినాడు. కొడుకు మేళాన్ని నడుపుతా, వాళ్లందరినీ పెండ్లిళ్లకు తిప్పడానికి ఆ వ్యాను కొన్నాడు. కొడుక్కు కావాల్సింది బండిలో పాటలు. తాతకు కావాల్సింది వేరే. భుజం మీది తెల్ల టవలు కొసలో ముడేసిన క్యాసెట్టును విప్పి నా చేతిలో పెట్టినాడు.

"ఇది నా సేతులు బాగుండినప్పుడు ఒక పెండ్లిలో పట్టింది అప్పా. ఇంట్లో టేపులో ఏస్తే కుడిసెయ్యి టకటకమని ఇనపడ్తాండాది. ఎడం సెయ్యి పుల్లదెబ్బ ఒక్కటీ రాదు. మా మేళంలో కొత్తగా సేరిన పిల్లోళ్లు, 'తాతా, ఆ పొద్దు ఎడం సెయ్యి ఇంట్లో పెట్టి పోయింటివా?' అని నగుతాండారు."

డోలుకు కుడిపక్క వేళ్లతోనూ ఎడమపక్క పుల్లతోనూ వాయిస్తారు. గంభీరమంతా ఆ ఎడమపక్కదే. ఇంట్లో టేపు స్పీకరు అరచేతంత ఉంటుంది, దానికి ఆ లోతు యాడ అందుతుంది?

"ఇప్పుడు వాయించి సూపిద్దామంటే భుజం లేయదు. నాకు సాక్షి ఈ క్యాసెట్టొక్కటే. నా ఎడం సెయ్యి వాళ్లకు ఇనిపిస్తావా?" అన్నాడు.

"తాతా, నీ ఎడంచెయ్యి కుప్పంలో పడితే పుంగనూరులో ఆవులు తలెత్తి చూడాల, అట్ల చేస్తా" అన్నాను నేను.

"వాళ్లకేం పని లేదా అప్పా? మా పిల్లోళ్లు తలెత్తితే సాలు" అన్నాడు తాత.

ఓనరన్న నన్ను పక్కకు పిలిచి, "ఆయనకు మూత డబ్బా చెయ్ రా, దెబ్బకు దెబ్బ విడిగా రావాల" అని చెప్పినాడు. నేను తలూపి, మూడు రోజుల్లో పైపు డబ్బా చేసినాను. పైపు ఎంత పొడుగుండాలో లెక్క ఒకటి ఉంటుంది. అంగట్లో ఎంత పొడుగు ముక్క ఉందో అంతే నా లెక్క.

దాన్ని వ్యానులో బిగించి కుప్పంలో వాళ్ల ఇంటి ముందర క్యాసెట్టు పెట్టినాము. మేళం పిల్లోళ్లు నలుగురు చేతులు కట్టుకొని నిలబడినారు. మీట నొక్కినాను. ఆ మోతకు కుప్పం స్టేషన్లో దిగాల్సిన వాళ్లు, బయట గాలివాన పట్టుకుందనుకొని రైల్లోనే కూర్చుండిపోయినారు. (ఇది అబద్ధం. బండి కింద పడుకున్న కోడి ఒకటి లేచి పరిగెత్తింది, అంతే నిజం.) కానీ ఒక దెబ్బ మోత తగ్గకముందే రెండో దెబ్బ వచ్చి దాని మీద పడేది, దాని మీద మూడోది. అన్నీ కలిసి బోరు లారీ గొంతు సవరించుకున్నట్టుగా ఒకటే గుర్రు. ఆ నలుగురిలో నోరుగల్లోడు ఒకడు అన్నాడు, "తాతా, నీ ఎడం సెయ్యి వచ్చింది గానీ, వచ్చింది పోనంటాండాది!" మిగతా ముగ్గురూ వ్యాను పట్టుకొని నవ్వినారు.

తాత నన్ను ఒక్క మాట తిట్టలేదు. "ఇది నా డోలు కాదప్పా. నేనిట్ల వాయించింటే పెండ్లికొడుకు తాళి కట్టకుండానే లేసి పోయిండును" అని, క్యాసెట్టు బయటికి తీసి టవలుతో తుడిచి మళ్లీ ముడేసుకున్నాడు. తిట్టింటేనే బాగుండును. "ఆదివారం పొద్దున పిల్లోళ్లంతా మళ్లా వస్తారు. ఆపైన ముహూర్తాలు మొదలు, ఒక్కడూ సిక్కడు. అంతలోపల అయితాదా?" అని మాత్రం అడిగినాడు.

ఈసారి బుద్ధిగా మూత డబ్బా చేసినాను. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసే పలకలుంటాయే, వాటితో. కీలు కీలుకూ జిగురు పూసి ఆదివారం తెల్లారగానే బస్సెక్కించినాను. పుంగనూరులో కుప్పం బస్సుకు ఇంకా టైముంది. అక్కడ పంచర్ బావ ఉండేవాడు. (ఆయన ఎవరికీ బావ కాదు, అందరూ బావా అనే పిలిచేవాళ్లు.) దీంట్లోనుంచి గాలి పోకూడదు, అదే నా భయం అని చెప్పినాను.

"దీనికింత ఆలోచన యాల అప్పా? తొట్టిలో ముంచితే తెల్సిపోతాది" అన్నాడు.

ఎంత సబబుగా ఉందో చూడండి! గాలి సంగతి నీళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? స్పీకరు వేరే సంచిలో ఉంది. అది కూర్చునే బొక్కకు ట్యూబు రబ్బరు పరిచి పలక బిగించి, ఇద్దరం చెరొక పక్క పట్టుకొని డబ్బాను తొట్టిలో అదిమినాము. బుడబుడమని బుడగలు వచ్చినాయి. "ఇదో, ఈడ!" అని బావ ఆ చోట సున్నా చుట్టి, ఆకురాయితో గీకి, ట్యూబు ముక్క అతికించినాడు. మళ్లీ ముంచినాము. ఇంకొక చోట. అట్లా మూడు పంచర్లు వేసినాక ఒక్క బుడగ రాలేదు. మన దేశంలో నీళ్లలో ముంచి పరీక్ష చేసిన మొదటి డబ్బా అదే. (ఈ మాట మాత్రం వెనక్కు తీసుకోను. ఇంకెవరూ చేసుండరని నా గట్టి నమ్మకం.)

పలమనేరు వచ్చేసరికి డబ్బా నానబెట్టిన శనగల మాదిరి ఉబ్బింది. వి.కోట దాటినాక ఒక మూల పట్‌మని విచ్చుకుంది. కండక్టరు వంగి చూసి, "ఏమప్పా, లోపల ఏమన్నా పొదగేసినావా?" అన్నాడు. కుప్పంలో దించి తాత ఇంటి ముందరికి మోసేసరికి మూత డబ్బా తనంతట తానే మూడు పక్కల నోరు తెరిచింది. స్క్రూ తిప్పితే ఉప్మాలో చెంచా తిప్పినట్టే ఉంది.

"అన్నా, దీనికి నీళ్లు పోసి పెంచినావా?" అన్నాడు నోరుగల్లోడు. కొత్త రకమని ఏదో చెప్పబోతుంటే ఇంకొక మూల ఊడి నా చేతికే వచ్చింది. పిల్లోళ్లు వ్యానులోకి డోళ్లు ఎత్తడం మొదలుపెట్టినారు. ఇంకొంచెం సేపుంటే వెళ్లిపోతారు. తాత ఉబ్బిన డబ్బాను చూసినాడు, నన్ను చూసినాడు, టవలు ముడి విప్పినాడు.

"ఆ పాతదే ఏయ్" అన్నాడు.

వేసినాను. వ్యానులో ఇంకా బిగించే ఉన్న పైపు డబ్బాలోనుంచి మళ్లీ అదే గుర్రు. తాత వ్యాను వెనక వంగి పైపు ముందర అరచెయ్యి పెట్టినాడు. "ఈడ సూడప్పా. దెబ్బ అయిపోయినాక కూడా ఈడ ఊపిరి ఆడ్తాండాది" అన్నాడు. టవలును చుట్టలాగా చుట్టి పైపులోకి నిండుగా దోపినాడు. "డోలు మోత ఎక్కువైతే తోలుకు గుడ్డ ఆనిస్తాం గదా. యాడైనా మోత మోతే. ఇప్పుడు మొదట్నుంచి ఏయ్."

ధిం. ధిం. త ధిం. ఒక్కొక్క దెబ్బా కంచెకు రాతికూసాలు నాటినట్టు విడివిడిగా వచ్చి నిలబడింది. కుడిచెయ్యి గలగలలాడుతుంటే దాని కింద ఎడమచెయ్యి నింపాదిగా, ఎవరికీ భయపడకుండా నడిచిపోతా ఉంది. మోత సగం తగ్గింది, డోలు మాత్రం పూర్తిగా వచ్చింది. పిల్లోళ్లు ఎత్తిన డోళ్లను కింద పెట్టినారు. ఎవరూ నవ్వలేదు. నోరుగల్లోడి వేళ్లు వాడికి తెలియకుండానే తొడ మీద తాళం వేస్తా ఉన్నాయి.

"తాతా, ఆ రెండో వరసలో పుల్ల ఎట్ల తిప్పినావు?" అన్నాడు వాడు, మొదటిసారి మెల్లగా.

"మణికట్టు సూడు రా. భుజంతో పనేముంది?" అని తాత వ్యాను అంచు మీద ఎడమచేత్తో చూపించినాడు. నలుగురూ ఆయన చుట్టూ మూగినారు. ఆ పూట పెండ్లికి మేళం ఆలస్యంగా పోయిందని తర్వాత తెలిసింది.

అప్పుడైనా నేను నోరు మూసుకొని ఉండాల్సింది. ముందుకు పోయి, "అందుకే తాతా, నేను పైపు పెట్టింది. గుడ్డ పెడితే మూత డబ్బా, తీస్తే పైపు డబ్బా. రెండూ ఒకదాంట్లోనే!" అన్నాను.

తాత నా వైపు చూసి, "అట్లనా అప్పా! అయితే గుడ్డ ఒక్కటే తేవడం మర్సిపోయినావన్నమాట" అన్నాడు.

ఆ తర్వాత మదనపల్లిలో 'టవల్ మాడల్' అని పేరు పెట్టి, నా సొంత ఆలోచన అని చెప్పుకొని చాలా డబ్బాలే చేసినాను. ఓనరన్న కూడా బతికినంత కాలం అది నాదే అనుకున్నాడు. తాత ఇప్పుడు లేడు. ఈ కాలం కార్లలో మోత పెంచడానికీ తగ్గించడానికీ గాజు పలక మీద వేలు రాస్తే చాలు. కానీ నా ఖర్మ చూడండి, ఆ ఆదివారం తాత వాళ్ల ఎదురింటి గడపలో నిలబడి ఇదంతా చూసిన అమ్మాయి ఒకతె ఉండింది. రెండేండ్లకు నాకు భార్యగా వచ్చింది. నలుగురిలో నేను ఏదైనా పెద్దగా మొదలుపెడితే చాలు, మాట్లాడకుండా లోపలికి పోయి టవలు తెచ్చి నా భుజం మీద వేస్తుంది. వచ్చినవాళ్లు, ముసలాయనకు చెమట పట్టిందేమో, ఎంత ప్రేమ అనుకుంటారు.

ఇందాక 'చాలా డబ్బాలే' అన్న చోట నేను మొదట రాసింది 'ఆరు వందల డబ్బాలు' అని. కుర్చీ వెనక అడుగుల చప్పుడైంది, భుజం మీద మెత్తగా ఏదో పడింది. కొట్టేసి 'అరవై' అని రాసినాను. ఆమె కదల్లేదు. అది కూడా కొట్టేసి 'చాలా' అని దిద్దినాను.

ఆమె ఇంకా ఈడే నిలబడి ఉండాది.