ఘాట్ ఎక్కని నాలుగు బండ్లు

హుజూరాబాద్‌లో ఒకప్పుడు మోటార్‌సైకిల్ కొనాలనుకున్నవాడు ముందు షోరూముకు పోయేవాడు కాదు, పర్శరాములు దగ్గరికి పోయేవాడు. వరంగల్ రోడ్డు మీద విత్తనాల దుకాణాలు దాటాక ఒక రేకుల షెడ్డు, షెడ్డు ముందు విప్పేసిన ఇంజన్లు, వాటి మధ్య పీట వేసుకుని పర్శరాములు. పిల్లను చూడబోయేటప్పుడు కులపెద్దను వెంటబెట్టుకున్నట్టు, బండిని చూడబోయేటప్పుడు అతన్ని తీసుకుపోవడం చుట్టుపక్కల ఊళ్లలో ఆనవాయితీ అయిపోయింది. దుబాయ్‌లో ఉన్న మగవాళ్లు షెడ్డు పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ చేసి, "అన్నా, మా బాపుకు ఏ బండి కొనమంటవ్?" అని అడిగేవాళ్లు. ఇంట్లో భార్య మాట వినేవాళ్లో లేదో కానీ, పర్శరాములు మాట మాత్రం వినేవాళ్లు.

అతను ఊరికే చెప్పేవాడు కాదు. ముందు ప్రశ్నలు వేసేవాడు. "ఎవ్వలు నడుపుతరు? పొలం కాడికా, పట్నం రోడ్డుకా? నీకు తొందరెక్కువనా, నిమ్మలంగ పోతవా?" అన్నీ విని, చేతులు గుడ్డకు తుడుచుకుని, అప్పుడు తీర్పు చెప్పేవాడు.

"యమహా పందెం కోడి రా. కిక్కు కొడితే లేస్తది, గేరేస్తే దుంకుతది. కని మేత ఎక్కువ. సుజుకి తేలిక, సందులల్ల తిరిగేటోనికి గదే మంచిది. పెద్ద రోడ్డు మీద లారీ పక్కపొంటి పోతే జర ఊగుతది. కవాసాకి ఎద్దు. ఎరువు బస్తాలేసినా మోస్తది, గేరే జర మొండిది. హోండా ఇంటి కోడలసొంటిది. చప్పుడు చెయ్యది, తక్కువ తింటది, ఏండ్లకేండ్లు చేస్తది. ఉరుకుమంటే మాత్రం ఉరుకది."

ఇంటి కోడలి గురించి అంత బాగా తెలిసినవాడు తన ఇంట్లో ఉన్న మనిషి గురించి ఏం తెలుసుకున్నాడో చెప్పాలంటే జమున దగ్గరికి రావాలి.

జమునది ఇచ్చోడ. ఆదిలాబాద్ రోడ్డు మీద, నిర్మల్ దాటి ఘాట్ ఎక్కాక వచ్చే ఊరు. పెళ్లయిన కొత్తలో అత్తగారింటికి బస్సులో వస్తూ, ఆ ఘాట్ మలుపుల్లో కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూసింది. ఫాల్గుణ మాసం. టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి, మధ్య మధ్య మోదుగులు పూసి కొండంతా ఎర్రగా ఉంది. దిగి చూద్దామంటే బస్సు ఆగదు. అప్పటికే పర్శరాములుకు ఒక పాత యమహా ఉండేది. వారం తిరగకముందే అడిగింది.

"ఏమయ్యా, మల్లసారి మా అవ్వగారింటికి నీ బండి మీద పోదాం. గా ఘాట్ల ఓ మలుపు కాడ ఆపి జరసేపు కూసుందాం."

"గదెంత పని? పోదాం తీ," అన్నాడు కొత్త పెళ్లికొడుకు.

జమున కోరిక ఇంతే. నగలడగలేదు, పట్టుచీరలడగలేదు. ఒక దారి అడిగింది, దారి మధ్యలో కాసేపు కూర్చోవడం అడిగింది.

ఆ ఎండాకాలం రాగానే గుర్తు చేసింది. పర్శరాములు తల గోక్కున్నాడు. "యమహా గంత దూరం పనికిరాదే. పెట్రోల్ నీళ్లు తాగినట్టు తాగుతది. వేరే బండి రానీ." సరేనంది. కొన్నాళ్లకు యమహా పోయి సుజుకి వచ్చింది. షెడ్డుకు అమ్మకానికి వచ్చిన బండ్లలో నచ్చినదాన్ని తనకు ఉంచుకోవడం అతని అలవాటు. జమున ఆ సాయంత్రమే చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. "సుజుకి తేలిక బండి. నిర్మల్ రోడ్డు మీద లారీలు చూసినవా? ఇద్దరం ఊగుకుంట ఊగుకుంట ఎట్ల పోతం?" అన్నాడు. మళ్లీ సరేనంది. తర్వాత కవాసాకి వచ్చింది. బస్తాలు మోసే ఎద్దు కదా, ఇంక అడ్డేమిటని మనం అనుకుంటాం. "ఘాట్ల మలుపుమలుపుకు గేరు మార్చాలె. దీని గేరు మొండిది, కాలు గుంజుతది," అన్నాడు. కొనేవాళ్లకు ప్రతి బండిలో గుణం వెతికి చెప్పినవాడు, ఇంట్లో మాత్రం ప్రతి బండిలో దోషమే వెతికాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు పెద్దలు.

అబద్ధాలాడే మనిషి కాదు పర్శరాములు. ఆ దోషాలన్నీ అంతో ఇంతో ఉన్నవే. కానీ అసలు సంగతి వేరు. రెండు రోజులు షెడ్డు మూస్తే, తనను అడగకుండా ఎవడైనా బండి కొనేస్తాడేమోనని అతని బెంగ. తెల్లారి పీట మీద కూర్చోగానే "అన్నా, ఓ మాట" అంటూ ఎవడో ఒకడు రావాలి. అది లేకపోతే అతనికి తిన్న అన్నం అరగదు. ఈ సంగతి తనకే సరిగా తెలియదు కాబట్టి, బండి మీద నెట్టేసేవాడు.

ఇంకొకటుంది. ఆ ప్రాంతంలో కొత్త బండి కొంటే కొండగట్టు అంజన్నకు చూపించాలి. హ్యాండిల్‌కు దండ, ట్యాంకు మీద కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. బండి ఎంచినవాడు పూజకు రాకపోతే కలిసిరాదని ఎవడో ఒకసారి అన్నాడు, అంతే, అది రివాజైపోయింది. కొనేవాడు ముందు కూర్చునేవాడు, పర్శరాములు వెనక. కరీంనగర్ దాటి కొండగట్టు దాకా ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. జగిత్యాల, నిర్మల్, ఇచ్చోడ ఆ రోడ్డు మీదనే ముందుకు పోతే వస్తాయి. అతను మాత్రం ప్రతిసారీ కొబ్బరిముక్క నోట్లో వేసుకుని అక్కడి నుంచే వెనక్కి తిరిగేవాడు.

చివరికి హోండా వచ్చింది. ఈసారి జమున అడగలేదు, ఆయనే అన్నాడు, "ఐతారం పోదాం, మీ అన్నకు కబురు పెట్టు." అంతటి మాట ఆయన నోట రావడం అదే మొదలు. జమున అన్న లక్ష్మీరాజం అక్కడ నాటుకోడిని కట్టేసి ఉంచాడట. ఆదివారం తెల్లవారక ముందే లేచి సర్వపిండి చేసింది, నువ్వులు ఎక్కువ వేసి, అతనికి ఇష్టమని. స్టీలు డబ్బాలో సర్ది మూత పెట్టి, చీర కట్టుకుని గడపలో నిలబడింది.

అప్పుడే గోపాల్ దిగబడ్డాడు. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి, పర్శరాములు ఎంచిన బండిని అంతకు ముందురోజే ఇంటికి తెచ్చుకున్నాడు.

"అన్నా, ఇయ్యాల మంచి రోజట. కొండగట్టుకు నువ్వు రాకుంటే ఎట్ల?"

పర్శరాములు జమున వైపు చూశాడు. ఆ ఒక్క చూపులోనే ఆమెకు అర్థమైపోయింది.

"గంతే గదనే, పొద్దుమీకే వరకు వస్త. మనం రేపు పోదాం," అని, గడప దాటుతూ వెనక్కి తిరిగి, "గా డబ్బా ఇటియ్యి, దారిల ఆకలైతది," అన్నాడు.

ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాల్సింది అని మనకు కోపం వస్తుంది కానీ, ఇచ్చింది.

సాయంత్రం ఖాళీ డబ్బా తెచ్చి, "మస్తుగుందన్నరు సర్వపిండి. గోపాల్ రెండు తిన్నడు," అని మురిసిపోతూ చెప్పాడు. జమున డబ్బా కడిగి బోర్లించింది. ఆ రేపు రాలేదు. రెండు రోజులయ్యాక తనే అన్నాడు, "ఆలోచించిన జమునా. హోండా మంచిదే కని ఇద్దరితోని ఘాట్ గుంజది. జర పెద్ద ఇంజను బండి రానీ."

ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. పుట్టింటికి బస్సులో ఒక్కతే పోయింది, ఒక్కతే వచ్చింది. తల్లి చనిపోయినప్పుడు కూడా బస్సులోనే పోయింది. పర్శరాములు మర్నాడు వెనకాల వచ్చాడు, అదీ బస్సులోనే. మిగతా కాలమంతా మోకాళ్ల మీద చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. కొడుకును చదివించింది, వాడు మస్కట్‌లో ఏసీలు బిగించే పనికి పోయాడు. వంగి కూర్చునీ కూర్చునీ ఆమె నడుము పాడైంది.

ఇటు కాలం పర్శరాములు పీట కిందికి కూడా నీళ్లు తెచ్చింది. పిలగాండ్లు ఫోనులో చూసి బండ్లు కొనడం మొదలుపెట్టారు. ఏ బండి ఎంత మైలేజీ ఇస్తుంది, దేని బ్రేకు ఎట్లా ఉంది, ఎవడో ఢిల్లీవాడు అన్నీ చెబుతాడట. అడిగేవాళ్లు తగ్గి, పంక్చర్లు మిగిలాయి. మొదట ఒళ్లు మండింది. తర్వాత దిగులు పడ్డాడు. ఆ దిగులులో, చేతిలో రెంచీ పట్టుకుని ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఎప్పుడో గడపలో చీర కట్టుకుని నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది. ఇన్నేళ్లు ఏం చేశానురా అనుకున్నాడు.

ఆ వారంలోనే పోయి కొత్త హోండా యూనికార్న్ తెచ్చాడు. ఎవరినీ అడగలేదు, ఈసారి కొనేవాళ్లెవరికోసమూ కాదు. జీవితంలో మొదటిసారి, వెనక సీటు మీద కూర్చుని చూసి మరీ కొన్నాడు. కొండగట్టుకు కూడా పోకుండా నేరుగా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు.

"జమునా, ఇటు రా! చూడు సీటెంత వెడల్పుందో. గుంతలల్ల పడ్డా వెనుకోళ్లకు తెల్వది. రేపే ఇచ్చోడ పోదాం. షెడ్డు బంద్ పెడత."

జమున గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. బండిని చూసింది. నవ్వింది కూడా, పాపం.

"మంచిగుంది," అంది. "కని డాక్టర్ నన్ను బండెక్కద్దన్నడు గద. నడుము పూసలు అరిగినయట."

"ఎప్పుడన్నడు?"

"ఎండకాలమే. పక్కింటి రామవ్వతోని కరీంనగర్ పోయినప్పుడు. వచ్చినంక నీకు చెప్పిన. నువ్వు ఫోన్ల ఎవరికో కార్బురేటర్ ముచ్చట చెప్తుంటివి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పర్శరాములు బండి స్టాండు వేసి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. జమున తిట్టినా బాగుండేది. ఆమె లోపలికి పోయి టీ పెట్టింది.

మొన్న ఫాల్గుణంలో లక్ష్మీరాజం కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. తన కొడుకు ప్రణయ్‌ను కారిచ్చి పంపాడు. జమున వెనక సీట్లో దిండ్లకు చేరగిలబడింది, పర్శరాములు ముందు కూర్చున్నాడు. కొండగట్టు దాటింది, జగిత్యాల దాటింది, నిర్మల్ దాటింది. ఘాట్ మొదలవగానే అతను కదలడం మొదలుపెట్టాడు. ఒక మలుపు దగ్గర ప్రణయ్ భుజం తట్టాడు.

"ఆపు బిడ్డా. మీ అత్తమ్మ జరసేపు కూసుంటది."

జమున కారు తలుపు పట్టుకుని దిగింది. రోడ్డు పక్కన పిట్టగోడ ఉంది కానీ, అంత కిందికి వంగి కూర్చోలేదు. నిలబడే చూసింది. మోదుగులు పూసే ఉన్నాయి.

"అప్పుడు అడిగితివి గద," అన్నాడు పర్శరాములు. "గందుకే ఆపించిన."

ఆమె ఏదో అనబోతుండగా కింది మలుపు నుంచి చప్పుడు వినిపించింది. ఒక ముసలాయన టీవీఎస్ ఫిఫ్టీ మీద వస్తున్నాడు, వెనక ముసలమ్మ, ఒళ్లో జొన్నల మూట. బండి రొప్పుతూ, ఉగ్గబట్టుకుని, నడిచే మనిషికంటే కాస్త వేగంగా ఎక్కుతోంది. ముసలమ్మ అతని చెవి దగ్గర మూతి పెట్టి ఏదో మరాఠీలో చెబుతోంది. అతను పడీపడీ నవ్వుతున్నాడు. వాళ్లు పై మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా జమున చూస్తూనే ఉంది.

పాడు అలవాటు ఎక్కడికి పోతుంది? "దాని ఇంజను మరీ చిన్నది," అన్నాడు పర్శరాములు. "ఇద్దరిని గుంజుడంటే..."

"గుంజింది గద," అంది జమున.

జమున కోప్పడలేదు. కోపపు వయసు ఎప్పుడో దాటిపోయింది. తలుపు పట్టుకున్న చేయి మార్చుకుని, కొండ వైపే చూస్తూ అంది:

"నాకు రాబుద్ధయిత లేదు అని నువ్వు ఒక్కసారన్న చెప్తే నేను ఊకుందును. బండి రాదంటివి. నేను నిజమే అనుకున్న. నువ్వు కొత్త బండి తెచ్చినప్పుడల్ల, గీ బండన్న వస్తదేమో అని సూసిన."

ఆమెకు నడుము నొప్పి మొదలైంది. ప్రణయ్ వచ్చి చేయి అందించాడు, మెల్లగా దిండ్ల మధ్య కూర్చోబెట్టాడు. పర్శరాములు ముందు తలుపు దగ్గరికి పోయి ఆగాడు, వెనక్కి వచ్చి ఆమె కాళ్ల దగ్గర మిగిలిన కొంచెం జాగాలో ఒదిగి కూర్చున్నాడు.