అమ్మ దగ్గు తీసేసిన పాట

సినిమాలకు సంగీతం చేయడం నా వృత్తి. అప్పుడప్పుడు కచేరీలకు కూడా రాస్తుంటాను. గురువెవరని అడిగిన ప్రతిసారీ ఒక పెద్దాయన పేరు చెప్పేవాణ్ణి. అది అబద్ధమేం కాదు. కానీ మొదటి పాఠం నేర్చుకున్నది గుంటూరులో, మిరపకాయల షెడ్డులో, అమ్మ పక్కన కూర్చుని. ఆ మాట చెప్పుకోవడానికి చాలాకాలం నామోషీ అడ్డొచ్చింది.

అమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. పది పదిహేనుమంది ఆడవాళ్లు ముక్కుకు కొంగు చుట్టుకుని, కుప్ప చుట్టూ కూర్చుని పాడుకునేవారు. ముందు పాడేది అమ్మే. ఆ ఘాటుకు ఎవరికైనా దగ్గు రాక తప్పదు. అందుకని వాళ్లలో ఒక పద్ధతి ఉండేది. పాడే మనిషికి దగ్గొస్తే, ఆగిన మాట దగ్గరే పక్కావిడ ఎత్తుకోవాలి. ఆమెకూ వస్తే ఆ పక్కన కూర్చున్నావిడ. పాట మాత్రం ఆగేది కాదు. ఎవరూ తలెత్తి చూసేవారు కూడా కాదు.

కొన్నేళ్ల కిందట ఒక సినిమాకు పల్లెపాట కావాలంటే, మైకు పట్టుకుని ఆ షెడ్డుకే వెళ్లాను. అమ్మ అప్పటికీ పని మానలేదు. మానమంటే, తన జట్టును వదిలి ఉండలేనని నన్నే కసిరేది. ఆ రోజు హుషారుగా పాడింది. ప్రతి చరణంలోనూ దగ్గింది. ఎప్పుడూ ఆమె పక్కనే కూర్చునే పెద్దావిడ, అమ్మ అక్కా అని పిలిచే ఆవిడ, ప్రతిసారీ అందుకుంది. మంచి సరుకు దొరికిందని పొంగిపోయాను.

స్టూడియోలో దగ్గులన్నీ కత్తిరించాను. పెద్దావిడ గొంతు తీసేసి, ఆ ఖాళీల్లో అమ్మ గొంతే వేరే చోటి నుంచి తెచ్చి అతికించాను. అతుకు కనపడకుండా అతకడంలో నాకు పేరుంది. ఒక్కో దగ్గు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియాలని మళ్లీ మళ్లీ విన్నాను. కొన్నింటి చివర సన్నగా పిల్లికూత ఉంది. అది తీసేయడానికి ఒక పూటంతా పట్టింది. విసుక్కున్నాను కూడా.

పాట జనానికి బాగా నచ్చింది. ఫోన్లో వినిపిస్తే అమ్మ ఆఖరిదాకా విని, "బాగుంది గానీ, ఊపిరి తిప్పుకోకుండా ఇంతసేపు నేనెప్పుడు పాడానురా? అక్క గొంతేదీ?" అంది. సినిమా పాట అలాగే ఉండాలని ఏదో పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. సరేలే అంది.

ఏడాది తిరక్కుండా అమ్మను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయన్నారు. ఇన్నాళ్లూ దగ్గు లేదా అని డాక్టరు అడిగారు.

"ఉందండి. ఆ పనిలో అందరికీ ఉండేదేనండి," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. వాద్యబృందంలో ఒక్క తీగ వెంట్రుకవాసి తప్పినా పట్టేస్తానని విర్రవీగేవాణ్ణి. అమ్మ దగ్గును నేను విన్నన్నిసార్లు ఈ లోకంలో ఎవరూ విని ఉండరు. ఆ వారంలోనే ఆమె పోయింది.

పోయిన నెల గుంటూరులో నా కచేరీ పెట్టారు. అందులో ఆ పాటను దగ్గులతో సహా వినిపించాలని, పెద్దావిడ చేత పక్కనుంచి పాడించాలని అనుకున్నాను. పిలవడానికి షెడ్డుకు వెళ్లాను. అమ్మ కూర్చునే చోట ఇంకెవరో కూర్చుని ఉన్నారు. పెద్దావిడ నన్ను పక్కన కూర్చోమంది. తర్వాత కాయల మీంచి చూపు తిప్పకుండానే అంది.

"దాని దగ్గు మారిందని మాకందరికీ తెలుసు నాయనా. చెబితే వినేది కాదు. నువ్వు రికార్డు చేసుకెళ్లావు గదా, విని ఉంటావులే, డాక్టరుకు చూపిస్తావులే అనుకున్నాం."

కచేరీ సంగతి ఎత్తకుండానే లేచి వచ్చేశాను.