కిష్టయ్య కాలు మీద పడ్డ నింద

ఆనందం మేస్త్రికి తెలియని ఇంజిన్ లేదని మా కోరుట్లలో పేరు. ఆ మాట అందరికన్నా ఎక్కువసార్లు అన్నది ఆనందమే. సిరిసిల్లలో సాంచెల చప్పుడు మధ్య పుట్టి పెరిగినవాడు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. నేత వదిలి ఇక్కడ లారీల షెడ్డు పెట్టుకున్నా ఇంటి అలవాటు పోలేదు. అన్న ధనుంజయ్ సాంచెల దగ్గర మిగిలే వేస్ట్ దారం సంచులకొద్దీ తెచ్చుకుంటాడు. చేతులు తుడుచుకోవడానికి అదే, నట్లు తుడవడానికి అదే, బండిలో ఏ మూత విప్పినా దుమ్ము పడకుండా కుక్కడానికీ అదే. "మా దారం ముందట గీ బట్టపేలికలు ఏం పనికొస్తయి" అంటాడు. అదొక గొప్ప మళ్లీ.

ఈ వానాకాలం కరుణాకర్ అనే ఓనరు లారీ ఆనందం మెడకు చుట్టుకుంది. లోడుతో జగిత్యాల దాటేదాకా బాగానే పోతుంది, ఆ తర్వాత ఇంజిన్ ఆగిపోతుంది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డులో మాత్రం ఎంతసేపు నడిపినా ఆగదు.

దాన్ని నడిపేది వీర్నపల్లి కిష్టయ్య. పెద్దవాడు, షుగరు మనిషి, స్టీరింగు తప్ప వేరే బతుకు తెలియనివాడు. "మేస్త్రీ, డీజిల్ అందుతలేదనిపిస్తాంది. గుంజుడు తగ్గి తగ్గి ఆగుతాంది" అని మొదట్లోనే చెప్పాడు. ఆనందం ఫిల్టర్లు మార్చాడు. పైపుల్లో గాలి దూరుతోందేమోనని జాయింట్లు బిగించాడు. వైర్లు చూశాడు, పంపు విప్పి మళ్లీ కట్టాడు. లారీ మళ్లీ ఆగింది. నాకు తెలుస్తలేదు అని ఒక్క మాట అంటే నోటి ముత్యాలేం రాలిపోవు. కానీ ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లాయె.

ఒకరోజు షెడ్డు ముందు నలుగురిలో ఓనరుతో అనేశాడు. "బండిల ఏం లేదు సేటూ. షుగరోని కాలు గది, స్పర్శ ఉండదు. క్లచ్ ఎంత తొక్కుతున్నడో ఆయనకే ఎర్కలేదు. ఇంజిన్ ఆగక ఏంజేస్తది?"

కిష్టయ్య తన కాలు వంక చూసుకున్నాడు. ఆ సాయంత్రమే కరుణాకర్ అతని దగ్గర తాళం తీసుకున్నాడు. ఆడలేనివాడికి ఓటి మద్దెల దొరికింది.

కొత్త డ్రైవరు దినేశ్ వచ్చాడు. లారీ అతనికీ అలాగే ఆగింది. "మేస్త్రీ, నాకు షుగర్ లేదు" అన్నాడు దినేశ్.

అప్పుడు గానీ ఆనందం డీజిల్ టాంకు దింపలేదు. కడుగుతుంటే పిడికిలంత దారపు ఉండ బయటికొచ్చింది. ఆకుపచ్చది, ధనుంజయ్ సాంచెలది. ఎండాకాలం డీజిల్ గేజి మార్చినప్పుడు టాంకు రంధ్రంలో తానే కుక్కాడు, లోపలికి జారితే చూసుకోలేదు. లోడు మీద ఇంజిన్ గట్టిగా గుంజినప్పుడు అది పైపు మూతికి అతుక్కుంటోంది, ఆగగానే ఊడిపోతోంది. ఆనందానికి తల కొట్టేసినట్టయింది. కరుణాకర్‌కు ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పి, బైకు మీద వీర్నపల్లికి బయలుదేరాడు. దారిలో సిరిసిల్లలో అన్న ఇంటి ముందు ఆగడానికి కూడా మొహం చెల్లలేదు.

కిష్టయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "మేస్త్రి అచ్చిండు, నీళ్లు దే" అని భార్య శాంతను పిలిచాడు. ఆమె చెంబు అందిస్తూనే అడిగింది.

"నువ్వన్న చెప్పు అన్నా. ఎల్లారెడ్డిపేటోళ్లు ట్రాక్టర్ నడుపుమని ఇంటికచ్చి అడిగిన్రు. రానంటడు. గిట్ల కూసుంటె ఎట్ల ఎల్లుతది?"

"ఊకో శాంతా. మేస్త్రి చూసి చెప్పినంక ఇంకేంది? కాలు ఎర్కలేక ఎవరి మీదన్న ఎక్కిస్తె ఎట్ల?"

ఆనందం సిగ్గుతో చచ్చిపోయాడు. "కిష్టయ్యన్నా, నీ కాలుకు ఏం గాలేదు. టాంకుల దారం నేనే ఇడిసిన. తెల్వక నీ మీదికి నెట్టిన. సేటు నిన్ను రమ్మంటుండు" అన్నాడు తల వంచుకుని.

"నన్ను చూసి పాపమని అంటలేవు గద మేస్త్రీ?" అన్నాడు కిష్టయ్య.

"లేదన్నా. నిజం."

కిష్టయ్య తలూపాడు. ఊపుతూనే వంగి, కాలి బొటనవేలు గోళ్లతో గట్టిగా గిల్లి చూసుకున్నాడు.