యాక్ అంటే అందింది

ఆంజనేయులు గురించి ఊళ్లో ఎవరిని అడిగినా ముందు చెప్పేది ఒకటే. మాట మార్చని మనిషి. మిరప ఎండినా, పత్తికి పురుగు పట్టినా, తల్లి పోయినా, కూతురు పుట్టినా ఆయన తూర్పు బజారు మనిషే. కారంపూడి పక్కనున్న ఆ ఊళ్లో ఇది సామాన్యమైన విషయం కాదు. తూర్పు బజారుకీ పడమటి బజారుకీ అక్కడ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఊరికి రెండు టీకొట్లు, రెండు సెలూన్లు, రెండు వినాయక పందిళ్లు. బస్టాపులో షెల్టరు మాత్రం ఒక్కటి కూడా లేదు. అసలు గొడవ పుట్టిందే దాని దగ్గర. షెల్టరు ముఖం తూర్పుకు ఉండాలని వీళ్లు, పడమరకు ఉండాలని వాళ్లు. తలలు పగిలాయి, కేసులు పడ్డాయి, కట్టడానికి వచ్చిన సిమెంటు గడ్డకట్టింది. జనం ఇప్పటికీ ఎండలోనే నిలబడతారు, రోడ్డుకు అటు వాళ్లు, ఇటు వీళ్లు. ఎండ మాత్రం రెండు బజార్లకూ సమానంగా కాస్తుంది.

ఆ తలలు పగిలిన రోజే ఆంజనేయులుకు ఇంటర్ పరీక్ష. గొడవతో బస్సులు ఆగిపోయాయి, పరీక్ష పోయింది, దాంతోపాటు చదువూ పోయింది. ఆ రోజు పరీక్ష పోగొట్టుకున్నవాడు ఇంకొకడున్నాడు. పడమటి బజారు చెన్నకేశవులు. అంతకుముందు దాకా ఇద్దరిదీ ఒకటే బెంచీ, ఒకటే క్యారేజీ. మర్నాటి నుంచి మాటల్లేవు. వాళ్లిద్దరి మధ్యా తగాదా ఏమీ లేదు, బజార్ల మధ్య ఉంది, అంతే. చదువు ఆగిపోయిందన్న బాధ ఆంజనేయులు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోగలిగిన మనిషి ఒక్కడే, వాడు పడమటి బజారు.

అందుకే కూతురు భార్గవికి నరసరావుపేటలో ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు, దీన్ని మాత్రం ఎవడూ ఆపకూడదని మనసులో గట్టిగా అనుకున్నాడు. చెన్నకేశవులు కూతురు ప్రీతికి కూడా అదే కాలేజీలో, అదే బ్రాంచిలో సీటొచ్చిందని తెలిసినా గుండె రాయి చేసుకున్నాడు. కాలేజీ బస్సులో భార్గవి ముందు సీట్లో, ప్రీతి వెనక సీట్లో కూర్చునేవాళ్లు. మూడో ఏడు దాకా అంతా సవ్యంగానే నడిచింది.

మూడో ఏట డేటా కమ్యూనికేషన్ నెట్‌వర్క్స్ అనే సబ్జెక్టు వచ్చింది. చెప్పేది షఫీక్ సార్. చిన్న వయసు, పాఠం నాటకంలా చెప్పాలన్న సరదా ఉన్న మనిషి, ఆ ఊరి సంగతి బొత్తిగా తెలియదు. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే ముందు మూడుసార్లు చెయ్యి కలపాలని ఆ పుస్తకంలో ఉంది. మొదటిది "సిన్" అంటుంది, అంటే మాట్లాడుకుందామా అని. రెండోది "సిన్, యాక్" అంటుంది, నీ మాట అందింది, మాట్లాడుకుందాం అని. మొదటిది మళ్లీ "యాక్" అంటుంది, నీదీ అందింది అని. అక్కడికి కనెక్షన్ కుదిరినట్టు.

"మీరిద్దరూ ఒకే ఊరి వాళ్లు కదా, రండి, చేసి చూపించండి," అన్నాడు షఫీక్ సార్, భార్గవినీ ప్రీతినీ పిలిచి.

ఇద్దరూ వెళ్లి చేతులు కలిపారు. భార్గవి సిన్ అని మొదలుపెట్టగా, ఆ మాటలే అంటూ మూడుసార్లూ కలిపారు. క్లాసు చప్పట్లు కొట్టింది. ఎవరో పిల్ల దాన్ని వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంది.

సాయంత్రానికి ఆ వీడియో తూర్పు బజారు టీకొట్టుకు చేరింది. అక్కడ బల్ల మీద మాజీ ప్రెసిడెంటు గారున్నారు. సర్పంచి పదవి పోయి చాలాకాలమైనా తూర్పు బజారుకు ఆయనే పెద్ద దిక్కు. ఆయన వీడియో చూశారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు, ఆంజనేయులును పిలిపించారు.

"ఏందిరా ఇది? మన పిల్ల వాళ్ల పిల్లకి చెయ్యిచ్చింది."

"పాఠమంట అన్నా."

"మూడు సార్లా? ఒకసారంటే పొరపాటు అనుకుంటాం. మూడు సార్లు చెయ్యిస్తే రాజీ కాదా?"

ఆంజనేయులు కూతురికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. భార్గవి అమాయకంగా చెప్పింది. "మూడుసార్లు ఇవ్వకపోతే కనెక్షన్ కుదరదు నాన్నా."

"అదేగదమ్మాయ్ నేనడిగేది, వాళ్లతో మనకేం కనెక్షన్?" అన్నారు మాజీ ప్రెసిడెంటు గారు. "పైగా మన పిల్ల ముందు సైన్ అనింది. ఏ కాగితం మీద చేసింది సైను?"

"సైన్ కాదు పెదనాన్నా, సిన్."

"ఏదైతే ఏంది! మనం సైన్ అంటే, వాళ్ల పిల్ల దాన్ని చూసి యాక్ అనింది. యాక్! మన సంతకం వాళ్లకి అసయ్యంగా ఉందా? అంతమాట అన్నాక కూడా మన పిల్ల చెయ్యి ఎనక్కి తీసుకోలా."

యాక్ అంటే అందింది అని భార్గవి ఎంత చెప్పినా టీకొట్టులో ఎవరూ నమ్మలేదు. కుళ్లిన వంకాయ చూసి కూడా వాళ్లంతా ఆ మాటే అంటారు మరి. పడమటి బజారులోనూ అదే సమయానికి అదే వీడియో నడుస్తోంది. అక్కడ ప్రీతి యాక్ అన్నందుకు మెచ్చుకున్నారట, చెయ్యిచ్చినందుకు తిట్టారట.

మాజీ ప్రెసిడెంటు గారు తీర్పు చెప్పేశారు. "కుదిరిన కనెక్షన్ ఎట్లా కుదిరిందో అట్లానే తెంపుకోని రావాల. అందరి ముందరా తెంపాల. లేదంటే పిల్లని కాలేజీ మానిపించు. పరీక్షలు మన బజారు పరువు కంటే ఎక్కువ కాదు."

అప్పుడు తన పరీక్ష, ఇప్పుడు కూతురి పరీక్ష. ఆంజనేయులు టీ కూడా తాగకుండా లేచాడు. ఇంటికి వెళ్లి అరుగు మీద కూలబడితే భార్య హనుమాయమ్మ విషయమంతా విని, "షెల్టరు కట్టుకోలేని మొహాలు, పిల్ల చదువు కూల్చడానికి మాత్రం ముందుంటారు," అని బజారంతా వినపడేలా అంది.

"నెమ్మదే! ఇంటారు."

"ఇననీయ్! నువ్వు మాట మార్చని మనిషివని పేరు గదా. పిల్లని చదివిస్తానన్నావు. అదీ మాటే."

భార్గవి పుస్తకం తిరగేసింది. కనెక్షన్ తెంపడానికి పద్ధతి ఉంది. కాకపోతే కలవడానికి మూడు మెట్లయితే, విడిపోవడానికి నాలుగు. ఎవరి వైపు మాట వాళ్లు విడిగా ముగించాలి. ఈ కబురు రెండు బజార్లకూ వెళ్లింది. పిల్లలు తెంపితే ఎవరు నమ్ముతారు, తండ్రులే వచ్చి తెంపాలని రెండు బజార్లూ తీర్మానించాయి. షెల్టరు గొడవ తర్వాత రెండు బజార్లూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.

తెల్లచొక్కాలతో రెండు బొలెరోలు కాలేజీ గేటు దాటేసరికి ప్రిన్సిపాల్ గారు తనిఖీ కమిటీ అనుకున్నారు. పూలగుత్తులు ఇచ్చారు, జీడిపప్పు బిస్కెట్లు పెట్టారు, లైబ్రరీ చూపించబోయారు. సంగతి తెలిశాక పూలగుత్తులు వెనక్కి అడగలేక ఊరుకున్నారు.

అందరూ ల్యాబులో నిలబడ్డారు. షఫీక్ సార్ బోర్డు మీద రెండు డబ్బాలు గీశాడు. ఒకదాంట్లో ఆంజనేయులు అని, ఇంకోదాంట్లో చెన్నకేశవులు అని రాశాడు.

"ముందు ఒకరు ఫిన్ అనాలండీ. అంటే నా వైపు నుంచి అయిపోయింది అని. రెండోవారు యాక్ అనాలి."

"మేమే ముందు తెంపుతాం," అంది తూర్పు.

"మీరెవరు? మేమే," అంది పడమర.

కొట్టుకునేదాకా వచ్చింది. చివరికి రూపాయి బిళ్ల ఎగరేస్తే తూర్పు గెలిచింది. మాజీ ప్రెసిడెంటు గారు మీసం దువ్వుకున్నారు.

ఆంజనేయులు ఒకప్పుడు తన బెంచీలో కూర్చున్న మనిషి ముఖంలోకి చాలా ఏళ్ల తర్వాత నేరుగా చూశాడు. జుట్టు తెల్లబడింది, ముందు పన్ను ఒకటి లేదు.

"ఫిన్," అన్నాడు.

"యాక్," అన్నాడు చెన్నకేశవులు. పడమటి వాళ్లు ఈలలు వేశారు.

"బాగుందండీ," అన్నాడు షఫీక్ సార్. "ఇక ఆంజనేయులు గారు కొత్త మాట ఏదీ చెప్పకూడదు, వీరి వైపు మూసేశారు కాబట్టి. చెన్నకేశవులు గారి వైపు ఇంకా తెరిచే ఉంది. చెప్పాల్సింది మిగిలుంటే చెప్పొచ్చు. ప్రతి మాటకీ వీరు యాక్ అనాలి. అన్నీ అయ్యాక ఆయన ఫిన్ అంటే, వీరు ఆఖరి యాక్ అంటారు. అప్పుడు తెగినట్టు."

"మిగిలుంటేనా?" అన్నాడు చెన్నకేశవులు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కడిగిపారెయ్యరా," అని వెనక నుంచి పడమటి వాళ్లు ఎగదోశారు.

"మా గేదె మీ చేలో పడితే బందెలదొడ్డికి తోలించావు."

"యాక్."

"మా సందు మీద పోతా పోతా హారన్ కొడతావు. కావాలనే."

"యాక్."

తూర్పు వాళ్లు పళ్లు కొరికారు. జవాబు చెప్పడానికి ఆంజనేయులు నోటిదాకా చాలా వచ్చింది. మింగాడు.

"మీ అమ్మ పోయిన రోజు," అని ఆగాడు చెన్నకేశవులు. "నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందో ఆ తల్లి. మీ వీధి మలుపు దాకా వచ్చా. మావాళ్లు చూస్తారని ఎనక్కి పొయ్యా."

"యాక్," అన్నాడు ఆంజనేయులు.

"ఇంటర్ పరీక్ష రోజు బస్సుల్లేవని నేను నడిచి బయల్దేరా. సగం దారి పొయ్యా. నువ్వు లేకుండా ఒక్కణ్ణీ పోయి ఏం రాస్తాలే అని తిరిగొచ్చేశా. ఇది నీకు చెప్పాలని... చానా ఏళ్లయింది."

ఆంజనేయులు ఏడుస్తున్నాడు. అంతమంది తెల్లచొక్కాల మధ్య, చేతిలో ప్రిన్సిపాల్ ఇచ్చిన పూలగుత్తితో, సిగ్గుపడకుండా ఏడుస్తూ, "యాక్, యాక్," అంటున్నాడు. ఆ దారిన పోతున్న మొదటి ఏడు పిల్లలు ఎవరికో వాంతి అవుతోందనుకుని నీళ్ల సీసా తెచ్చారు.

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. "ఇంక ఫిన్ అనమనండయ్యా!" అని అరిచారు మాజీ ప్రెసిడెంటు గారు.

"ఇంకా అయిపోలా," అన్నాడు చెన్నకేశవులు.

"అయితే మధ్యలోనే తెంపెయ్యండి!"

షఫీక్ సార్ ఇద్దరు తండ్రుల్నీ చూశాడు, ఇద్దరు పిల్లల్నీ చూశాడు. "మధ్యలో తెంపితే చెల్లదండీ. మళ్లీ మొదటి నుంచి మూడుసార్లు చేతులు కలిపి రావాలి. ఈసారి పెద్దలందరూ కలపాలి," అన్నాడు. పుస్తకంలో అలా ఎక్కడా లేదు. ఆ సంగతి భార్గవికి తెలుసు, ప్రీతికి తెలుసు. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

మాజీ ప్రెసిడెంటు గారు తన చేతిని తాను చూసుకుని జేబులో పెట్టుకున్నారు. మిగతాది ఊళ్లో చెప్తానని చెన్నకేశవులు లేచాడు, అయిపోయేదాకా వింటానన్నట్టు ఆంజనేయులు అందరి ముందూ యాక్ అన్నాడు.

ఆ తర్వాత ఆయన టీకొట్టులో రోజూ అడిగేవారు. "తెగిందా?"

"ఆయన వైపు నుంచి ఇంకా అయిపోలా అన్నా."

"పిల్లని మానిపించరా మరి."

"తెగకుండా పిల్లని ఎట్లా తీసుకొస్తాం? రూలు మనమే తప్పామని పడమటోళ్లు నవ్వరా? వాడు అయిందనేదాకా ఇంటానని అందరి ముందరా ఒప్పుకున్నా. నేను మాట మార్చే మనిషిని కాదుగా."

మాజీ ప్రెసిడెంటు గారు ఇంకో టీ చెప్పారు. ఆంజనేయులు మాట మార్చడన్నది ఆయనే ఊరంతా చెప్పిన గొప్ప.

ఇప్పుడు రోజూ పొద్దున కూతుళ్లను కాలేజీ బస్సెక్కించడానికి ఇద్దరూ బస్టాపుకు వస్తారు. చెన్నకేశవులు రోడ్డుకు అవతల నిలబడి మొదలుపెడతాడు. మోటారు కాలిపోయిన సంగతి, బావమరిది తిక్క, మోకాలి నొప్పి. ఆంజనేయులు ఇవతల నిలబడి ప్రతిదానికీ యాక్ అంటాడు. తన మోకాలూ నొప్పే. తన మోటారూ కాలింది. చెప్పాలని నాలుక దురద పెడుతుంది. చెప్పకూడదు. తన వైపు మూసేశాడు.

భార్గవికి ఆ సబ్జెక్టు పరీక్ష రోజు కూడా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. బస్సు వచ్చింది. పిల్లలిద్దరూ ఎక్కి ముందూ కాదు, వెనకా కాదు, నడిమి సీట్లో పక్కపక్కన కూర్చున్నారు. ఆంజనేయులు బస్సు మలుపు తిరిగేదాకా చూశాడు. దాన్ని ఎవరూ ఆపలేదు.

"ఒరేయ్ ఆంజనేయులూ," అని పిలిచాడు చెన్నకేశవులు. "నేను ఫిన్ అంటే నువ్వు ఆఖరి యాక్ అని ఎల్లిపోతావంటగా?"

"యాక్."

"అందుకే నేను అనను."

ఎండ ఎక్కుతోంది. ఆంజనేయులు రోడ్డు దాటి పడమటి వైపు వెళ్లి చెన్నకేశవులు పక్కన నిలబడ్డాడు. ఒకసారి అంటే సరిపోయేది, రెండుసార్లు అన్నాడు.

"యాక్. యాక్."