షెడ్డులోకి ఇసుక రానివ్వలేదు

పొద్దున వెనకవీధి మాస్టారు గేటు దగ్గర నిలబడి, "అమ్మా, తుప్పు వదలగొట్టే మిషను మీరే దగ్గరుండి కొనిపించారట గదా. మా షెడ్డుకి ఏది తీసుకోమంటారు?" అని అడిగారు. అడిగింది మా ఆయన్ని కాదు, నన్ను. లోపల మా ఆయన పేపరు కొంచెం గట్టిగానే మడిచిన చప్పుడు వినబడింది. మాస్టారికి కాఫీ ఇచ్చి, తెలిసినదంతా చెప్పి పంపాను గానీ, ఆయన వెళ్ళాక ఆ వేసవంతా కళ్ళముందు తిరిగింది.

అది మా ఆయన రిటైరైన ఏడాది. మాకు కారు లేకపోయినా ఇంటికి కారు షెడ్డు ఉంది. అందులో పెళ్ళయిన కొత్తలో కొన్న స్కూటరు తుప్పు పట్టి పడి ఉండేది. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని ఈయన పట్టుదల. విప్పిన భాగాలు ఒకటి రెండు ఆటోనగర్ తీసుకెళ్ళి, అక్కడ గాలితో ఇసుక చిమ్మి తుప్పు ఊడగొడుతుంటే సినిమా చూసినట్టు చూసొచ్చారు. ఇక అన్నం సయించలేదు. అలాంటిది మన షెడ్డులోనే ఉండాలన్నారు. ఇసుకకి బదులు ఆవగింజకన్నా సన్నటి గాజుపూసలు కూడా చిమ్మొచ్చని అక్కడే విన్నారట, అవి కొంటానన్నారు.

ఇంతలో మా బావగారు, అంటే ఈయన అన్నగారు, అవనిగడ్డ దగ్గర్నుంచి దిగారు. ఆయన దృష్టిలో కృష్ణలో దొరకని వస్తువు లోకంలో లేదు. "గాజుపూసలు కొనుక్కొచ్చి తుప్పు మీద కొడతావంట్రా? మన ఏట్లో ఇసకుండగా!" అని తమ్ముణ్ణి కోప్పడి, మరుసటి వారం బస్తాలతో సహా వచ్చారు. అన్నదమ్ములిద్దరూ ఆ ఇసుకని కడిగి, నా పాత చీరల మీద ఆరబోసి, నా పిండిజల్లెడతోనే జల్లించారు. నేను వడియాలు పెట్టిననాడు డాబా మెట్లెక్కని మనుషులు, ఆ ఇసుకకి కాపలా కూడా కాశారు. కాకులు ఇసుక తింటాయని ఎవరు చెప్పారో మరి.

నవ్వుకోవాల్సిందే గానీ, నాకు నవ్వు రాలేదు. మా నాన్న రాళ్ళ క్వారీలో మేస్త్రీగా చేశారు. ఇసుకైనా రాయైనా దెబ్బకి పగిలితే లేచేది ఒకే రకం సన్నటి పొడి. అది గుండెల్లో చేరి, చివరికి నాన్న పడుకుంటే ఊపిరాడక కుర్చీలో కూర్చునే నిద్రపోయేవారు. ఆ దగ్గు విన్న చెవులివి. అందుకే మా ఆయన తేలిగ్గా, "మూతికి తువ్వాలు కట్టుకుంటాలే" అనేసరికి నాకు ఒళ్ళు మండింది. మండటం కాదు, భయమేసింది.

"మా నాన్న కూడా తువ్వాలే కట్టుకున్నారండీ" అన్నాను.

మా ఆయన చేతిలో జల్లెడ కింద పెట్టారు. బావగారు మాత్రం, "వాళ్ళంటే రోజూ చేసే పని, అమ్మాయ్. వీడేదో సరదాకి..." అని నసిగారు.

"తుప్పయితే గోకెయ్యొచ్చు బావగారూ. ఊపిరితిత్తులు గోకే మిషను ఎక్కడన్నా ఉంటే చెప్పండి, ఈ బస్తాలు నేనే మోస్తాను."

మర్నాడు ఈయన్ని వెంటబెట్టుకుని ఆటోనగర్ బయల్దేరాను. ఈయన చూపంతా బయట నిలబడి చిమ్మే పెద్ద మిషను మీదే. నేను మాత్రం మూత బిగించిన పెట్టె ఎంచాను. గ్లవ్స్ పెట్టెకే బిగించి ఉంటాయి. చేతులు మాత్రం లోపలికి పోతాయి, మనిషి బయటే ఉండి అద్దంలోంచి చూస్తూ పని చేసుకోవచ్చు. లేచిన దుమ్ముని లాగేసే ఫ్యాను కూడా పెట్టించాను. "పెట్టె కంటే కంప్రెసరు ముఖ్యమండీ. పూసలు చిమ్మే గన్ను అడిగినంత గాలి అందకపోతే పని ముందుకెళ్ళదు" అన్నాడు షాపతను. వానాకాలం మన ఉప్పుడబ్బా గడ్డకట్టినట్టు గాజుపూసలూ గడ్డకడతాయా అని అడిగాను. కడతాయన్నాడు. గాలిలో తేమ పట్టే ఫిల్టరు, మంచి మాస్కు కూడా తీసుకున్నాను. బేరం కూడా నేనే ఆడాను, ఈయన ఆడితే షాపతను ఇంకో రెండు వస్తువులు అంటగట్టేవాడు.

ఇసుక కరివేపాకు కుండీల్లోకి వెళ్ళింది. బావగారు కొన్నాళ్ళు అలిగి, తర్వాత వచ్చి ఆ గ్లవ్స్‌లో చేతులు పెట్టి తన పార ఒకటి తళతళలాడించుకున్నారు. అప్పట్నుంచి వాళ్ళ ఊళ్ళో తుప్పంతా మా షెడ్డుకే చేరుతోంది.

నాన్న పోయిన వయసు మా ఆయన మొన్ననే దాటారు. ఆ పుట్టినరోజున పని ముగించి, మాస్కు తీసి, గొంతెత్తి పాత పాటేదో పాడుతూ మెట్లెక్కి వచ్చారు, ఊపిరి కోసం ఎక్కడా ఆగలేదు. నాన్న దగ్గర అర్ధాంతరంగా ఆపేసిన ఊపిరిని కాలం ఇన్నేళ్ళకి మా ఇంట్లో ఇంకొకరి చేత పూర్తి చేయిస్తోందనిపించింది.