బోణి కాకముందు అడగకూడని మాట

నల్గొండకు నేను చూడటానికి పోలేదు, అడగటానికి పోయాను. తొంభైల నడిమి సంగతి. హైదరాబాదులో ఒక సర్వే ఆఫీసులో రోజు కూలి మీద పనిచేసేదాన్ని. సరుకు అమ్మకుండా పని చేసిపెట్టి బతికే దుకాణాలు, అంటే హోటలు, సెలూను, లాండ్రీ, గడియారాల రిపేరు, టైపు పని లాంటివి, వీటి రాబడి, వాళ్ళ మాటలో ఆమ్దాని, ఏడాదిలో ఎంత మారిందో కనుక్కోవడం మా పని. నల్గొండలో నిరుడు అడిగిన పన్నెండు దుకాణాలనే మళ్ళీ అడగాలి. నిరుడు వెళ్ళినాయన పన్నెండు ఫారాల్లోనూ ‘మార్పు లేదు’ అని రాసుకొచ్చాడు. అట్లా ఎట్లా ఉంటుంది అని నేను నోరు జారాను. అయితే నువ్వే పో అన్నారు. పన్నెండులో ఒక్కటి తక్కువైనా తరవాతి విడతకు నన్ను పిలవరని కూడా చెప్పి పంపారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో తెల్లవారుజామున అయిదున్నరకు ఎర్ర బస్సు ఎక్కాను. టికెట్టు ఇరవై చిల్లర. చౌటుప్పల్‌లో చాయ్ కోసం ఆపితే పావుగంట నేను మెట్టు దిగుతూ ఎక్కుతూ గడిపాను. నార్కట్‌పల్లి దగ్గర పెద్దరోడ్డు వదిలి కుడికి తిరిగేసరికి గడియారం ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. ఊకె గడియారం చూస్తే బండి ఉరుకుతదా అని కండక్టర్ నవ్వాడు. ఎనిమిదిన్నరకు నల్గొండలో దిగాను. బస్టాండు ఎదురుగా రెండిడ్లీ, చాయ్ కలిపి నాలుగు రూపాయలు. ఆ హోటలు కూడా నా జాబితాలోదే. యజమానిని ఆమ్దాని అడిగితే “గంతే, నడుస్తాంది” అని జల్లిగరిటె కడుక్కున్నాడు. నిరుటాయన మీద అప్పుడే జాలి మొదలైంది.

రెండోది గడియారం సెంటరు పక్క సందులో గడియారాల రిపేరు. ఆయన షట్టరు ఎత్తుతుండగానే ఫారం తీశాను. ఆయన మొహం చిట్లించి, ఇంకా బోణి కాకముందే ఆమ్దాని అడిగితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాల్సిందే అన్నాడు. సరే, నా గడియారం బెల్టు ఎట్లాగూ తెగేలా ఉంది, మార్చమన్నాను. ఆ డబ్బులు కళ్ళకద్దుకున్నాక మనిషి మెత్తబడ్డాడు. ఆమ్దాని మాత్రం చెప్పలేదు. కానీ నిరుడు తొమ్మిదిలోపే బోణి అయ్యేదని, ఇప్పుడు పదకొండు దాటుతోందని, అగ్గువ గడియారాలొచ్చి జనం రిపేరుకు తేవడమే మానేశారని గడగడా చెప్పాడు.

నాకు దారి దొరికింది. ఎంత సంపాదిస్తున్నావంటే ఎవరూ చెప్పరు, బోణి ఎన్నింటికవుతోందంటే అందరూ చెబుతారు. ఇక అడ్డూ అదుపూ లేకుండా తిరిగాను. హోటలుకూ మళ్ళీ పోయి అడిగాను. చెప్పులాయన దగ్గర సంచి పట్టీ కుట్టించాను. లాండ్రీలో చున్నీ ఇస్త్రీ చేయించాను. సెలూనులో మాత్రం గడపలో నిలబడే అడిగాను, లోపల గడ్డానికి సబ్బు పూసుకున్న పెద్దమనిషి నాకంటే ఎక్కువ ఇబ్బంది పడ్డాడు. బోణి వేళ చెప్పాక, నిరుటికి ఎంత పెరిగిందో తగ్గిందో వాళ్ళే ఉజ్జాయింపుగా చెప్పేవాళ్ళు. రెండింటికల్లా పదకొండు ఫారాలు అయ్యాయి, ప్రతి ఫారం అంచు మీదా ఒక బోణి వేళ.

పన్నెండోది కోర్టు ఎదురుగా రేకుల కింద టైపు మిషను. ఖాజా సాబ్ అని యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మిషను మీద మడిచిన తువ్వాలు. పక్కన కొత్తగా జిరాక్సు దుకాణం, ముందు గుంపు. నేను సంగతి చెప్పి కూర్చోబోయాను.

“బోణి కాలె బిడ్డా. అయినంక చెప్త.”

రెండు దాటింది! నా కిటుకు ఉందిగా అని, ఏదో ఒక కాయితం టైపు కొట్టమన్నాను.

“నీకు పనికొచ్చే కాయితమేనా?” అన్నాడు. ఏదైనా పరవాలేదన్నాను. “ఉత్తగ కొట్టిస్తే బోణి ఎట్లయితది? ఖైరాత్ అయితది. నాకు దానం వద్దు.”

కోర్టు వరండా చుట్టూ మూడుసార్లు తిరిగాను. అర్జీ పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ ఆయన్ని దాటి జిరాక్సుకే పోతున్నాడు. నా బస్సు అయిదింటికి. మాకో వెసులుబాటు ఉంది: దుకాణం మూతపడితే పక్కదాన్ని బదులు తీసుకోవచ్చు. జిరాక్సాయన అడక్కముందే, నిరుటికి రెండింతలు రాసుకోండి మేడం అంటున్నాడు. మూడున్నర దాటాక ఓపిక చచ్చి, ఫారంలో ‘మూతపడింది’ అన్న గడి మీద పెన్ను పెట్టాను. ఖాజా సాబ్ ఏం రాస్తున్నావని అడిగాడు. అబద్ధం నోట రాలేదు, చెప్పేశాను.

“గీడనే కూసున్న గద బిడ్డా,” అన్నాడు మెల్లగా. “లేనట్టు రాస్తవా?”

సిగ్గుతో చచ్చిపోయాను. పెన్ను మూసి, ఆయన మొహం చూడలేక ఫారం వెనక్కి తిప్పాను. అక్కడ నిబంధనలు అచ్చేసి ఉన్నాయి. సమాధానం రాక, బదులు కూడా తీసుకోకపోతే కారణాన్ని టైపు చేయించి రెండు ప్రతులు జతచేయాలట. ఏడాదిగా మోస్తున్న ఫారమే, ఎన్నడూ చదవలేదు. ఆయన ముందు పెట్టి, ఇప్పుడు నిజంగానే ఒక కాయితం కావాలన్నాను. కళ్ళద్దాలు దించి రెండుసార్లు చదివాడు. తువ్వాలు తీసి, రెండు కాయితాల మధ్య కార్బన్ పెట్టి మిషనుకెక్కించాడు.

నేను చెప్పాను, ఆయన కొట్టాడు. “సదరు దుకాణం మూతపడలేదు. యజమాని మా ఎదుటనే పనిచేయుచున్నారు.” ఆ వాక్యం దగ్గర వేళ్ళు ఆగాయి. కాసేపు కాయితం వంకే చూసి, తరవాత ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. అయిదు రూపాయలిస్తే మూడు తిరిగిచ్చి, మిగిలిన రెండూ కళ్ళకద్దుకున్నాడు.

“నిరుడు కోర్టు తెరవకముందే అయ్యేది. ఈ పొద్దు నాలుగు దాటింది. రాస్కో,” అన్నాడు. నేను అడక్కుండానే నెల ఆమ్దాని కూడా చెప్పాడు. పన్నెండు మందిలో రూపాయల్లో అంకె చెప్పింది ఆయనొక్కడే.

పరుగున పోయి అయిదింటి బస్సు అందుకున్నాను. నార్కట్‌పల్లిలో ఫారాలు సర్దుతుంటే వెలిగింది. ఖాజా సాబ్ జవాబు చెప్పేశాడు, పన్నెండో ఫారం నిండింది, ఇక కారణం కాయితంతో పనే లేదు. రెండుసార్లు చదివిన మనిషికి, బోణి కాగానే జవాబు చెప్తానన్న మనిషికి, ఇది ముందే తెలియదా? తెలిసే కొట్టాడనుకుంటాను, నేను దానంగా కాక నిజంగానే అవసరపడి అడిగినందుకు. ఆఫీసులో ఫారాలే ఇచ్చాను, కాయితం ఇవ్వలేదు. ఒక్క మనిషి వల్ల ఊరి సగటు పడిపోయిందని విసుక్కున్నారు గానీ నన్ను మళ్ళీ పిలిచారు. నల్గొండకు మాత్రం పంపలేదు. ఆయన తరవాత ఎన్నాళ్ళు కూర్చున్నాడో నాకు తెలియదు, తెలియకపోవడం ఇప్పటికీ గుచ్చుతుంది. ఇట్లాంటి పని మీద ఆ వైపు పోయేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: ముందు బోణి అయిందా అని అడగండి, కాలేదంటే మీకు నిజంగా అవసరమైన పని ఏదైనా చేయించుకోండి. నా రెండు ప్రతులూ బీరువాలో ఉన్నాయి. కార్బన్ కాపీ వెలిసిపోయింది గానీ, ఆ దుకాణం మూతపడలేదన్న వాక్యం మాత్రం ఇంకా చదవొస్తోంది.