రెండు దారులూ మూసుకుపోయిన మధ్యాహ్నం

అనకాపల్లిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, రికార్డులన్నీ ఉండే సర్వర్ చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. సర్వర్ నుంచి డిస్కులకూ నెట్‌వర్కుకూ రెండేసి కేబుల్ దారులు, ఒక్కోటి ఒక్కో స్విచ్ బాక్సు గుండా వెళ్లేలా ఏర్పాటు చేశాం. ఒకటి తెగినా రెండోది పనిచేయాలి. ఓపీ ఖాళీ అయ్యాక, పరీక్ష కోసం వాటిలో ఒక బాక్సుకు కరెంటు తీసేశాను.

ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కేబుళ్లు బిగించినవాళ్లు రెండు దారులనూ ఆ ఒక్క బాక్సుకే కలిపేశారు!

నర్సు పరిగెత్తుకొచ్చింది. "మేడమ్, యాక్సిడెంట్ పేషెంటు ఆపరేషన్ టేబుల్ మీదున్నాడు. బ్లడ్ గ్రూపు రిపోర్టు రావట్లేదు!"

కరెంటు ఇచ్చినా సర్వర్ లేవలేదు. రీస్టార్ట్ చేసి అలాగే నిలబడిపోయాను. భయం కూడా వేయలేదు. చేతులు నావి కానట్టున్నాయి. ఈలోగా ల్యాబువాళ్లు మళ్లీ రక్తం తీసి, గ్రూపు చూసి చెప్పారు. ఆపరేషన్ ఆలస్యమైంది గాని అతను బతికాడు.

సాయంత్రం ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూలబడ్డాను. పక్కనున్నావిడ తుమ్మపాల నుంచి వచ్చిన ఆ పేషెంటు తల్లి.

"మా కంప్యూటర్లు ఆగిపోవడం వల్లే ఆలస్యమైందమ్మా," అన్నాను.

ఆవిడ నా ముఖం చూసింది. "బతికేడు కదమ్మా. నువ్వేటి అలాగున్నావు తల్లీ? ఏటైనా తిన్నావా?"

పొట్లం విప్పి ఇడ్లీ నా చేతిలో పెట్టింది. తిన్నాను. రుచి తెలియలేదు, ఏడుపూ రాలేదు. కొడుకు ఇంకా లోపలే ఉండగా ఆవిడకు నా ఆకలి ఎలా కనిపించిందో నాకిప్పటికీ అర్థం కాదు.